మార్కు ప్రోగ్రాములో తప్పు కోసం

శుక్రవారం పొద్దున పనికి బయలుదేరే ముందు మార్కు స్విచ్చిబోర్డు దగ్గర నిలబడి చెరిగిపోయిన పేర్లు మళ్ళీ రాశాడు. తెల్ల టేపు ముక్కలు కత్తిరించి, వాటి మీద బాల్‌పెన్నుతో మోటారు, వసారా, ఫ్యాను అని రాసి, ఒక్కో మీట కింద అతికించాడు.

జయకుమారి క్యారేజీ చేతికిస్తూ, “ఇరవై రెండేళ్ళుగా ఉంటున్న ఇంట్లో ఏ మీట దేనిదో నాకు తెలీదనా?” అంది.

“నీకు కాదు. ఎవరన్నా కొత్తవాళ్ళొస్తే.”

“మనింటికొచ్చి మోటారేసే కొత్తవాళ్ళెవరు, కలెక్టరా?”

మార్కు నవ్వలేదు. వసారా అన్న టేపు వంకరగా పడిందని ఊడబీకి మళ్ళీ సరిగ్గా అంటించాడు. తరవాత మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు. కూతురు ఫెబా అప్పటికే కాలేజీ బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేసింది. బస్సు కిటికీలోంచి తండ్రి మోపెడ్ చూసింది గానీ చెయ్యి ఊపలేదు. సాయంత్రం చూస్తాం కదా అనుకునే మనుషులకి ఎవరూ చెయ్యి ఊపరు.

మధ్యాహ్నం రెండు కాకముందే ఫోను వచ్చింది. కోల్డ్ స్టోరేజిలో గ్యాసు లీకైందనీ, మార్కును గుంటూరు తీసుకుపోతున్నారనీ. ఫెబా ఆసుపత్రికి చేరేసరికి తండ్రి గొంతులో గొట్టం ఉంది. కళ్ళ మీద తడిగుడ్డ ఉంది. మార్కు మళ్ళీ మాట్లాడలేదు. శనివారం చీకటి పడకముందే పోయాడు.

మార్కు చదివింది ఐటీఐ. వాళ్ళ నాన్న ప్రత్తిపాడు చుట్టుపక్కల పత్తిచేలల్లో పురుగుమందు కొట్టే కూలీ. కొడుకు చేతికి మందు డబ్బా రాకూడదని ఆయన పట్టుబట్టి చదివించాడు. ఇరవై నాలుగేళ్ళకి మార్కు గుంటూరు రోడ్డులోని ఒక కోల్డ్ స్టోరేజిలో వైర్‌మన్‌గా చేరాడు. మిర్చి యార్డులో ధర రాని మిరపకాయల టిక్కీలు, ఆ పెద్ద గోనె బస్తాలు, వేలకొద్దీ వచ్చి ఆ చీకటి గదుల్లో ఏడాదంతా పడుకుంటాయి. ఆ చల్లదనాన్ని పుట్టించేది అమ్మోనియా. కాయకు రంగు పోకుండా కాపాడేది అదే, మనిషి పీలిస్తే లోపల కాల్చేదీ అదే.

మార్కు చేరిన కొన్నేళ్ళకి హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వచ్చి కంప్యూటరు పెట్టింది. దానికి, మీటల్ని తనే వేసే రిలే కార్డొకటి తగిలించి కంప్రెసర్లు, ఫ్యాన్లు, సైరను, గ్యాసును కొలిచే సెన్సారు అన్నీ అందులోకి లాగింది. తరవాత ఆ కంపెనీ మూతపడింది. మరికొన్నేళ్ళకి కంప్యూటరూ చచ్చిపోయింది. కొత్తది తెస్తే పాత ప్రోగ్రాము అందులో కదల్లేదు.

“ఇంకేం చేస్తాం, మళ్ళీ చేత్తోనే తిప్పుకోండి” అన్నాడు మేనేజరు త్యాగరాజు.

మార్కు ఊరుకోలేదు. గుంటూరులో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్ళ దగ్గర సి భాష పుస్తకం ఒకటి దొరికింది. సగం అట్ట లేదు. ఆ పుస్తకం, ఒక డిక్షనరీ, పక్కింటివాళ్ళు పారేయబోయిన ఒక కంప్యూటరు. రెండేళ్ళు ఆదివారాలు చర్చి నుంచి రాగానే వాటి ముందు కూర్చునేవాడు. అప్పుడు ఫెబా పదో తరగతి.

ఒక ఆదివారం అందరినీ పిలిచాడు. ఏదో నాలుగు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కాడు. కంప్యూటరులోంచి సీడీలు పెట్టే పళ్ళెం తనంతట తాను బయటికి వచ్చింది. మళ్ళీ ఏదో కొట్టాడు, లోపలికి పోయింది. కాలనీ పిల్లలు గుమ్మంలో మూగి, “మార్కు పెదనాన్నా, ఇంకోసారి” అని గోల.

జయకుమారి చూసి చూసి, “దీనికా రెండేళ్ళు? ఆ పక్కనున్న బుడిపె నొక్కితే రాదా?” అంది. ఈసారి పళ్ళెం బయటికొచ్చినప్పుడు దాని మీద టీ గ్లాసు పెట్టింది. “దీనికైనా పనికొస్తుందేమో” అంది.

ఆ రోజే మార్కు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. “మనం రాసే ప్రోగ్రాము బయటి మనిషి, పాపా. ఫ్యాను మీదా సైరను మీదా చెయ్యి వేసే హక్కు వాడికి లేదు. లోపల కెర్నెల్ అని ఒక పెద్దాయన ఉంటాడు. దేన్ని ముట్టుకోవాలన్నా ఆయనే ముట్టుకోవాలి. మనం కిటికీ దగ్గర నిలబడి చీటీ ఇవ్వాలి. ఫలానా పరికరం, ఫలానా నంబరు పని, ఇదిగో వివరం, అని. ఆయన చేయించి సున్నా అని చెబితే పని అయినట్టు. మైనస్ ఒకటి అంటే కాలేదని.”

“మండలాఫీసులాగా అన్నమాట” అంది ఫెబా. “అక్కడ అయిందని చెప్పినా అవదు.”

“ఇక్కడా అంతే. సున్నా అంటే కార్డు దాకా కబురు అందిందని. అవతల ఫ్యాను తిరిగిందో లేదో అది ఉన్న చోటికి పోయి నీ కళ్ళతో నువ్వు చూసుకోవాలి. సున్నా వచ్చింది కదా అని కుర్చీలో కూర్చునేవాడు ఈ పనికి పనికిరాడు.”

ఆ లెక్కన ఒక్కో చీటీ రాసుకుంటూ పోయి, కోల్డ్ స్టోరేజి మొత్తాన్ని తన ప్రోగ్రాములోకి తెచ్చాడు. ప్రతి పనికీ సున్నా వచ్చిందా అని చూడటం, రాకపోతే మళ్ళీ అడగడం, మళ్ళీ రాకపోతే సైరను వేయడం, ఏ నిమిషానికి ఏం జరిగిందో రాసి దాచడం. హమాలీలు అతన్ని సున్నా మార్కు అని పిలిచేవాళ్ళు. “ఏరా సున్నా మార్కూ, ఇవ్వాళన్నా పాసయ్యావా?” అని బస్తా కింద నుంచి కేకేసేవాళ్ళు. మార్కు తల ఊపి నవ్వేవాడు. ఆ పిలుపులో అతనికి గొప్పే కనపడేది. కూతురు కంప్యూటర్ సైన్సు చదివి, ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఉద్యోగంలో చేరినప్పుడు, “నాకు సున్నాలే వచ్చాయి, నీకు ఉద్యోగం వచ్చింది” అన్నాడు.

చనిపోయే ముందు వారం త్యాగరాజు పిలిచి చెప్పాడు, ఏప్రిల్ నుంచి అంతా కొత్త కంపెనీ చేతికి ఇస్తున్నారని. వాళ్ళ పెట్టె, వాళ్ళ సెన్సార్లు, ఓనరు ఫోనులోనే అన్నీ కనపడతాయి. మార్కు కంప్యూటరు తీసేస్తారు. ఉద్యోగం ఉంటుంది, వైర్‌మన్‌గా.

మార్కు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, “నెలాఖరుకి నా పని అయిపోయినట్టే” అన్నాడు. ఆ మాట జయకుమారి ఒక్కతే విన్నది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం జరిగిందిది. మార్చి నెల, టిక్కీలు దిగే కాలం. ప్లాట్‌ఫారం మీద మిరప దుమ్ము ఎర్రగా లేస్తూ ఉంటుంది. అందరి కళ్ళూ మండుతూ, ముక్కులు కారుతూ, దగ్గుతూనే పనిచేస్తారు. ఆ దుమ్ము పట్టిన సెన్సారు లేని గ్యాసుని చూపిస్తుంటే, ఆ వారంలోనే తొమ్మిదిసార్లు సైరను ఉత్తపుణ్యాన మోగింది. మోగినప్పుడల్లా హమాలీలు బస్తాలు పడేసి బయటికి పరుగు. మోగితే మార్కు సైరను ఆపేవాడు, ఫ్యాన్లు వేసేవాడు, కంప్రెసర్లుండే మెషీన్ రూము తలుపు దగ్గరికి పోయేవాడు. అక్కడ ఒక పద్ధతి ఉంది. తలుపు కొంచెం తెరిచి, ఆ సందులో ముక్కు పెట్టి చూడటం. గ్యాసు ఉంటే ముక్కు చెబుతుంది, వెనక్కి వచ్చి గోడకున్న మాస్కు వేసుకోవాలి. లేకపోతే లోపలికి పోయి చూసి రావాలి. అతనితో పాటు కంప్రెసర్ ఆపరేటర్ కరీముల్లా ఉండేవాడు. ఆ రోజు కరీముల్లా జుమ్మా నమాజుకి వెళ్ళాడు.

పదోసారి సైరను మోగింది. ఈసారి నిజంగానే గ్యాసు లీకైంది. మార్కు సైరను ఆపాడు, ఫ్యాన్లు వేశాడు, ఒక్కడే వెళ్ళి తలుపు తీసి లోపలికి పోయాడు. మాస్కు గోడకే ఉంది. అప్పుడే తిరిగి వచ్చిన కరీముల్లా తడి తుండు మొహానికి చుట్టుకుని లాక్కొచ్చాడు.

సమాధి చేసిన మూడో రోజు త్యాగరాజు పలకరించడానికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. కుర్చీ అంచున కూర్చుని, చాలాసేపు చేతులు నలుపుకున్నాడు.

“ఒక్క సంగతి అర్థం కావడం లేదమ్మా. తెర మీద గ్యాసు నాలుగు వందల పది అని చూపిస్తోంది. అది మార్కు చూడకుండా ఉండడు. సరే, దుమ్ముకే మోగిందనుకున్నాడనుకో. తలుపు తీయగానే ముక్కు బద్దలైపోదా? నాలుగు వందలంటే పసిపిల్లాడైనా గుమ్మంలోంచే పారిపోతాడు. ఇరవై రెండేళ్ళు గ్యాసు మధ్య పనిచేసినవాడు లోపలికి ఎనిమిది అడుగులు ఎట్లా వేశాడు?” గొంతు తగ్గించాడు. “ఈ మధ్య మనసేం బాగున్నట్టు లేడు కదా.”

 ఆయన వెళ్ళాక జయకుమారి ఆ కుర్చీ వైపే చూస్తూ ఉండిపోయింది.

మాట కాలనీలో పాకడానికి వారం పట్టలేదు. ఎవరూ ఎదురుగా అనలేదు. చర్చిలో స్త్రీల సమాజం కూటంలో ఒకామె ప్రార్థన చేస్తూ, తొందరపడి ప్రాణాలు తీసుకునేవాళ్ళని క్షమించమని దేవుణ్ణి అడిగింది. కళ్ళు మూసుకునే జయకుమారి పేరు కూడా పలికింది. ఆ ఆదివారం నుంచి జయకుమారి చర్చికి వెళ్ళడం మానేసింది. పాస్టరు జక్రయ్య అయ్యగారు ఇంటికొచ్చి, దేవుడు మనుషుల్లాగా లెక్కపెట్టడమ్మా అన్నారు. ఆమె విన్నది. వెళ్ళొస్తానని ఆయన లేచినప్పుడు, “అయ్యగారూ, తెలిసే చావుకెళ్ళినవాళ్ళని పైన మళ్ళీ చూస్తామా?” అని అడిగింది. ఆయన ఒక్క క్షణం ఆలస్యం చేశారు. ఆ క్షణం చాలు ఆమెకి.

ఆ సాయంత్రం కూతుర్ని పిలిచింది. “నువ్వు చదువుకున్నదానివి. ఆ కంప్యూటరులో అంతా రాసుంటుందని మీ నాన్న చెప్పేవాడు. చూసి చెప్పు. గ్యాసుందని తెలిసి పోయాడా, తెలియక పోయాడా. నాకు ఇంకేం వద్దు.”

కంప్యూటరు తీసేసే ముందు రోజు ఫెబా వెళ్ళి అందులో ఉన్నదంతా కాపీ చేసుకుంది. తండ్రి రాసిన ప్రోగ్రాము నాలుగు వేల చిల్లర వరసలుంది. వరసల పక్కన ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో రాసుకున్న మాటలు. ‘ఇక్కడ తొందరపడకు.’ ‘దీన్ని నమ్మొద్దు, రెండోసారి అడుగు.’ ‘ఫెబా పరీక్షలు, రేపు చూద్దాం.’ ఆ మూడోది చదివిన రోజు ఆమె ఇంకేమీ చదవలేకపోయింది.

ఆమె వెతికింది తప్పు కోసం. ఒక్క తప్పు చాలు. సెన్సారును అడిగే చీటీ విఫలమైతే పాత అంకె చూపించి ఉండొచ్చు. తెర ఆలస్యంగా మారి ఉండొచ్చు. తండ్రి చూసినప్పుడు అక్కడ చిన్న అంకె ఉండి, ఆ తరవాత నాలుగు వందల పది అయి ఉండొచ్చు. అట్లాంటి పొరపాటు ఒక్కటి దొరికితే, అమ్మా, నాన్నకి తెలియదు అని చెప్పేయొచ్చు. కాలేజీ ల్యాబులో అలాంటి కార్డే ఒకటి సంపాదించి, మధ్యాహ్నాలు అన్నం మానుకుని పరీక్షలు చేసింది. తీగ పీకి చూసింది. సెన్సారు బదులు తప్పుడు అంకెలు పంపి చూసింది. ఎటునుంచి వచ్చినా ఆ ప్రోగ్రాము తడబడలేదు. చీటీ విఫలమైతే తెర మీద అంకె చెరిపేసి, ‘తెలియదు’ అని ఎర్రగా చూపించింది. తండ్రి ఏ సందూ వదల్లేదు. మిగతా రోజుల్లో అయితే ఆమె పిల్లలకి చూపించి, ఇట్లా రాయాలి అని చెప్పేది. ఇప్పుడు సరిగ్గా రాసిన ఒక్కో వరసా ఆయన మీద చెబుతున్న సాక్ష్యంలా ఉంది.

ఆ రోజు నిమిషాలు కూడా ఉన్నాయి. ఒంటిగంటా పదికి సైరను. పదకొండో నిమిషంలో సైరను ఆపమని చీటీ, సున్నా. అదే నిమిషంలో ఫ్యాన్లు, సున్నా. పద్నాలుగో నిమిషంలో గ్యాసు అంకె నాలుగు వందల పది. తెర తాకినట్టు గుర్తు ఉంది. అంటే ఆయన అక్కడే నిలబడి, చూసి వెళ్ళాడు. సైరను ఎందుకు మోగిందో కారణం రాయమని ప్రోగ్రాము అడుగుతుంది. అంతకుముందు తొమ్మిదిసార్లూ తిరిగొచ్చి ‘దుమ్ము’ అని రాశాడు. పదోది ఖాళీ.

జూన్ నాటికి ఆమెకి వెతకడానికి చోటు మిగల్లేదు. జయకుమారి రోజూ అడగడం మానేసి, కూతురు బస్సు దిగి రాగానే మొహం వైపు చూడటం మొదలుపెట్టింది. తిండి తగ్గింది. షుగరు మాత్రలు గూట్లో అట్లాగే ఉంటున్నాయి.

ఒక సాయంత్రం ఫెబా చెప్పులు విప్పకుండానే చెప్పేసింది. “దొరికిందమ్మా. నాన్న రాసినదాంట్లో తప్పుంది. తెర మీద అంకె తప్పు చూపించింది. నాన్నకి తెలీదు.”

జయకుమారి బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. “ఎక్కడుంది తప్పు?”

“చెప్పినా నీకు అర్థం కాదులే.”

“అర్థం కాకపోయినా చూపించు. ఏ వరసలో?”

ఫెబా ల్యాప్‌టాప్ తెరిచింది. ఏదో ఒక వరస చూపించింది. తల్లి ఆ అక్షరాల వైపు చూడలేదు, కూతురి వైపే చూసింది.

“మీ నాన్న నాకు ఇల్లు కట్టలేదు, నగ చేయించలేదు. రెండేళ్ళు ఆ పెట్టె ముందు కూర్చుంటే నేను నవ్వాను, టీ గ్లాసు పెట్టాను. కానీ ఆయన చేసిన పనిలో తప్పుందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. నువ్వు అంటున్నావు. నా కోసం అంటున్నావు.” మళ్ళీ చేట తీసుకుంది. “ఆయన తప్పు రాయడు పాపా. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే చెబుతున్నా, ఇంక వెతకొద్దు.”

ఫెబా ల్యాప్‌టాప్ మూసేసింది. తండ్రి పనితనం మీద తల్లికున్న నమ్మకాన్ని చెరిపితే తప్ప ఆమెకి ఓదార్పు లేదు. ఆ నమ్మకం చెరిగేది కాదు.

ఆ తరవాత జయకుమారి ఏమీ అడగలేదు. పత్తి తీతల కాలం వచ్చింది, పోయింది. క్రిస్మస్‌కి ఇంటికి సున్నం వేయించలేదు. జనవరిలో కాలి వేలికి పుండు పడింది, చెప్పలేదు. చెప్పేనాటికి పాదం నల్లబడింది. ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఒకసారి మెలకువ వచ్చి, “నన్ను ఆయన పక్కనే పెట్టండి. అక్కడ కనపడకపోయినా, ఇక్కడన్నా పక్కన ఉంటాను” అంది. ఫిబ్రవరి రెండో వారంలో పోయింది. ఆమె అడిగినట్టే పెట్టారు.

నాలుగో రోజున కరీముల్లా వచ్చాడు. మార్కు పోయిన వారానికే అతను కోల్డ్ స్టోరేజి మానేసి, వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర కుదిరాడు. ఆ రోజు గ్యాసు అతని ఊపిరితిత్తులకీ తగిలింది. నాలుగు మాటలకోసారి ఆగి దగ్గుతున్నాడు. వదిన పోయిన సంగతి యార్డు హమాలీ ఒకతను చెబితే తెలిసిందట.

ఫెబా టీ పెట్టి ఇచ్చింది. అతను తాగకుండా గ్లాసు చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు.

“నన్ను తిట్టుకునే ఉంటారులే అమ్మా. అందుకే మొహం చూపించలేకపోయాను.”

“నిన్నెందుకు తిట్టుకుంటాం, బాబాయ్? నువ్వే కదా లాక్కొచ్చింది.”

“లాక్కొచ్చాను. కానీ ముందే ఉండాల్సింది. సైరను మోగితే తలుపు దగ్గర ముక్కు పెట్టేది నేనే కదా. నాలుగేళ్ళుగా నేనే. నమాజయ్యాక అక్కడెవరో పలకరిస్తే పది నిమిషాలు నిలబడ్డాను.”

ఫెబాకి అర్థం కాలేదు. “నువ్వే ఎందుకు?”

కరీముల్లా తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆశ్చర్యం నిజమైనదే. “అదేంటమ్మా? మార్కన్నకి వాసన తెలీదు కదా. రెండో కరోనాలో పోయింది. అందరికీ తిరిగొచ్చింది, ఆయనకి రాలేదు. తెలిస్తే గ్యాసు ప్లాంటులో ఉంచరని బయట చెప్పొద్దన్నాడు. ఆ దుమ్ములో కళ్ళు ఎటూ మండుతూనే ఉంటాయి, ఏది దేని మంటో ఎట్లా తెలుస్తుంది?” దగ్గు వచ్చి ఆగాడు. “ఇంట్లో మీకు తెలుసనే అనుకున్నాను. వదినకి కూడా చెప్పలేదా?”